సత్తమ్మ ఇప్ప మొలకలు

ఆసిఫాబాద్ అడవి అంచు పల్లెలో సత్తమ్మ మేకనూ తిడుతుంది, గాలినీ తిడుతుంది. తిట్టనిది ఒక్క తన ఇప్పచెట్టునే. అత్త నుంచి ఆమెకు దక్కిన చెట్టు అది. ఏటా దాని పువ్వు ఏరుకునేది ఆ ఇంటివాళ్లే.

చెట్టు ముసలిదై మొదలంతా తొర్ర పడింది. రేపు పడిపోతే ఆ చోట ఇంకొకటి ఉండాలి కదా! అదే సత్తమ్మ బెంగ. చెట్టు కింద మొలకలకు కొదవ లేదు. కానీ పువ్వు రాలే ముందు ఎండుటాకుకు నిప్పు పెట్టడం ఊరి అలవాటు. నేల నల్లబడితే తెల్లటి పువ్వు ఇట్టే కనబడుతుంది. ఆ మంటలో మొలకలూ మాడిపోతాయి. అందుకని ఆమె నిప్పు మానేసి చీపురు పట్టింది.

"అడివికి గూడ అలుకు సల్లుతవా ఏంది వదినె?" అని మరిది పరశురాములు ఎగతాళి చేశాడు. చేస్తే చేశాడు! కొన్నేళ్లకు మొలకలు మోకాలెత్తు లేచి, పెద్దచెట్టు నీడలో అక్కడే ఆగిపోయాయి.

ఒక ఏడు పువ్వు రాలే ముందు కూతురి కాన్పుకని సత్తమ్మ జమ్మికుంట పోయింది. తిరిగొచ్చేసరికి చెట్టు కింద అంతా మసి. పరశురాములు నవ్వుతూ ఎదురొచ్చాడు.

"నీ నడుం నొయ్యద్దని నేనే కాలవెట్టిన వదినె."

పాపం, మంచికే చేశాడు. అయినా సత్తమ్మ అక్కడే కూలబడి బోరుమంది. ఆ రోజు నుంచి అతనితో మాట బంద్. అది చాలదన్నట్టు వైశాఖంలో గాలిదుమారం లేచి చెట్టునే కూల్చేసింది. తల్లీ పోయింది, పిల్లలూ పోయాయి అనుకుందామె. అన్నం సయించలేదు.

తొలకరి మిరుగు వానలు పడ్డాక పుల్లలకని అటు పోయింది. మాడిన మోడుల మొదట్లోంచి చిగుళ్లు! పైన కాలింది గానీ, ఏళ్ల తరబడి బలిసిన వేరు మట్టిలో భద్రంగా ఉంది. ఇప్పుడు నెత్తిన నీడ కూడా లేదాయె. ఎండ తగిలి, వానకాలం పోయేసరికి అవి నిరుటి ఎత్తు దాటేశాయి.

ఇక ఉండబట్టలేక మరిది చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

"సూడు. నువ్వు సంపినవనుకున్న. బతికే ఉన్నయి."

పరశురాములు వాటి చుట్టూ తిరిగి చూశాడు. ఇన్నాళ్లకు ముఖం విప్పారింది. "అయితే నేను జేసింది మంచిగనే అయింది గదా వదినె!"

సత్తమ్మ అతని వీపు మీద ఒక్కటి చరిచింది. "ఇంకోసారి అగ్గిపెట్టె వట్టుకొని గీ దిక్కస్తే నిన్నే కాలవెడ్త!"

తర్వాత వంగి ఒక చిగురును నిమిరింది.

"గివి పూసేనాటికి మనముండం. గీటి పువ్వు నేనేరేది లేదు, నువ్వేరేది లేదు పరశురాములూ. అయినా మా అత్త చెట్టు జాగల ఇప్పచెట్టు ఉంటది. ఉంటది" అంటూ ఏడ్చేసింది.