ఈరప్ప మీసం, ఇరవై అంగుళాల టైరు

బండి పుచ్చిపోయినా ఈరప్ప వేసిన పట్టా ఊడదని మైదుకూరులో పేరు. ముప్పై ఏళ్లుగా బండిచక్రాలకు ఇనుప పట్టాలు వేస్తున్న కమ్మరి అతను. అతనికి తెలిసిన సూత్రం ఒక్కటే. పట్టా చక్రం కన్నా రవంత చిన్నదిగా ఉండాలి. పిడకల మంటలో కాలిస్తే సాగుతుంది. చక్రానికి తొడిగి నీళ్లు పోస్తే ముడుచుకుని పట్టేస్తుంది. ఇక దేవుడు దిగివచ్చి లాగినా రాదు.

పందొమ్మిది వందల ముప్పై ఆరులో, శివరాత్రి ఇంకా ఇరవై రోజులుందనగా, గోపన్న కారు టైరు పగిలింది. ఆ కారులోనే అతను జనాన్ని కడపకు చేరవేసేవాడు. శివరాత్రికి మహానందికి పోయేవాళ్ల కోసం ఏడాదంతా ఎదురుచూసేవాడు. ఊళ్లో చక్రం సంగతి ఏదైనా ఈరప్పదే కాబట్టి, చక్రం విప్పి కొలిమి దగ్గరికి దొర్లించుకొచ్చాడు.

"కొత్త టైరు కోసం మద్రాసుకు జాబు రాయల్ల ఈరప్పా. ఈ టైరు పక్కన అచ్చేసి నాలుగున్నర అనొకటి, ఇరవై ఒకటి అనొకటి ఉండాది. ఏది దేనికో చెప్పు."

ఈరప్పకు చదువు రాదు, కొలత వచ్చు. రబ్బరు లావు నాలుగున్నర అంగుళాలు తేలింది. టైరు కూర్చునే చోట చక్రాన్ని అడ్డంగా కొలిస్తే ఇరవై ఒకటి.

"మొదటిది రబ్బరు లావు. రెండోది చక్రం. నువ్వు ఇరవై అని రాయి."

"ఇరవై ఒకటి గదప్పా ఉండేది?"

"చక్రమంతే ఉంటే జారిపోదా? రోంత బిగువుండల్ల. ఎక్కకపోతే ఈ మీసం తీసేస్తా, పో!"

మీసం దాకా వచ్చాక గోపన్న ఇరవై అనే రాశాడు.

ఎనిమిదో రోజు టైరు వచ్చింది. కొలిమి చుట్టూ సగం ఊరు చేరింది. ఈరప్ప గడ్డపారతో ఎత్తాడు, సుత్తితో కొట్టాడు. ఎక్కలేదు. పిడకలు అంటించబోతే గోపన్న టైరును కౌగిలించుకుని కూర్చున్నాడు.

"కాలిస్తే నన్ను గూడా కాల్చు!"

ఈరప్ప భార్య సోమక్క గడప మీద నుంచే అడిగింది. "ఏమయ్యో, మంగలోన్ని పిలిపించల్లనా, నువ్వే పోతావా?"

అతను టైరు అంచును వేళ్లతో ఒత్తి చూస్తున్నాడు. రబ్బరు లోపల గట్టిగా ఏదో తగిలింది. ఇనుప తీగ. సాగే రకం కాదు.

"మన ఇనుమే లోపల దాక్కోనుండాది గోపన్నా! మన పట్టా ముడుచుకొని పట్టుకుంటాది. ఇది గాలికి ఉబ్బి పట్టుకుంటాది. బిగువంతా గాలిది. అంకె మటుకు చక్రమెంతో అంతే ఉండల్ల. ఇరవై ఒకటే రాయి. లావు గూడా మార్చొద్దు. మారిస్తే పక్క చక్రంతో ఎత్తు కలవదు, పొట్టెద్దుకు పొడుగెద్దును జత కట్టినట్లుంటాది."

అని లేచి, ఎవరు వద్దన్నా వినకుండా, మంగలి దగ్గరికి నడిచాడు.

రెండో టైరు శివరాత్రికి రెండు రోజుల ముందు వచ్చింది. వక్క నమిలినంత సేపట్లో ఎక్కింది. మహానందికి మొదటి విడతలోనే ఈరప్ప, సోమక్క ముందు సీట్లో కూర్చుని పోయారు. ఇరవై అంగుళాల టైరులో సోమక్క కోడిపెట్ట గుడ్లు పెట్టింది.

తర్వాత ఆ దారిన పోయే కార్లవాళ్లు ఈరప్పను అడగందే టైరుకు రాసేవారు కాదు. "ఒక అంగుళం అటూ ఇటూ అయితే ఏమప్పా?" అని ఎవరైనా అంటే అతను నున్నటి పైపెదవిని వేలితో ఒకసారి తడుముకునేవాడు.