తలుపు వెనక హార్మోనియం

నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు. మొన్న సాయంత్రం ఈ నంద్యాల ఇంట్లో కూర్చుని ఉంటే, పక్కింట్లోంచి హార్మోనియం వినిపించింది. లేచి వెళ్లి పెరట్లో చేతులు కడుక్కోవడానికి నీళ్లు పెట్టి వచ్చాను. ఎవరికి పెట్టానో నాకే తోచలేదు. "ఏందవ్వా, ఎవరొస్తాండారు?" అంది పిల్ల. రాసుకో, చెబుతా అన్నాను.

డెబ్బైల చివర్లో మేం ఆళ్లగడ్డలో ఉండేవాళ్లం. మా ఆయన ట్రాక్టర్ల షెడ్డులో మెకానిక్కు. శిరివెళ్ల బండ్లు కూడా ఆయన దగ్గరికే వచ్చేవి. పొద్దుగూకాక ఇంటికొచ్చి, కిరసనాయిలుతో గ్రీజు వదిలించుకుని, నేను పెరట్లో పెట్టిన నీళ్లతో సబ్బు రుద్ది కడుక్కుని, చేతులు వాసన చూసుకుని, అప్పుడు హార్మోనియం పెట్టె ముందు కూర్చునేవాడు. పెళ్లికి ముందు నంద్యాలలో పని నేర్చుకునే రోజుల్లో, అరుగు మీద ఒక సాయిబు వాయిస్తుంటే ఎదురుగా కూర్చుని చూసి నేర్చుకున్నాడట. ఆయన వాయించేది సంతోషమో దిగులో నాకు తెలిసేది కాదు. కూర మాడుతున్నా లేవబుద్ధయ్యేది కాదు, అంతే.

మా చర్చిలో అప్పటికి చప్పట్లూ ఒక డప్పూ తప్ప ఏమీ లేవు. కోత పండగకి మా ఆయన వాయిస్తాడని పాస్టరయ్యకు మాటిచ్చేశాను.

"నన్నడిగినావా మే? నేను రాను."

"ఏంటికయ్యా?"

"రానంటే రాను."

కోపం దేవుడి మీదో, నా మీదో. తెల్లారి నుంచి చూస్తే, నీళ్లలా వచ్చే పాట కాస్తా కాలు బెణికిన మేకలా నడవడం మొదలుపెట్టింది. నాకు మతి పోయింది. "బాగా వచ్చేదాన్ని చెడగొట్టుకుంటాండావేందయ్యా?"

"దేవుని ముందర ఎడం చేత్తో వాయిస్తే నవ్వరా? కుడిచేత్తో నేర్చుకుంటాండా."

అప్పుడు చూశాను. ఎదురుగా కూర్చుని నేర్చుకున్న మనిషి, అద్దంలో చూసినట్టు చేతులు మార్చేసుకున్నాడు. అందరూ ఎడంచేత్తో గాలి కొడితే, ఈయన కుడిచేత్తో కొట్టి ఎడంచేత్తో మెట్లు నొక్కేవాడు. నేను ఇంకొకరిని చూస్తే కదా! పెట్టె అంటే అంతే కాబోలనుకున్నాను.

పండగ ముంచుకొచ్చింది, కుడిచెయ్యి తిరగలేదు. నా మాట పోతుందని ఒక దిగులు, ఆయన పాట పోతుందని ఒక దిగులు. ఏది పెద్దదో తేల్చుకోలేక పాస్టరయ్య దగ్గరికే పోయాను. "ఆయన రాడు అయ్యా. మీరే మా ఇంట్లో ప్రార్థన పెట్టండి" అన్నాను.

పండగ ముందు సాయంత్రం జనం మా వాకిట్లో చాపల మీద కూర్చున్నారు. ఆయన లోపల, చెయ్యి ఎవరికీ కనపడకుండా తలుపు ఓరగా వేసుకుని. ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. లోపలి నుంచి పెట్టె మెల్లగా అందుకుంది, మా వాళ్లు సాగదీసిన చోటల్లా ఆగి, మళ్లీ కలిసింది.

"లోపల ఎవరు మే?" అంది ఒక ముసలామె.

"నా మొగుడే పెద్దమ్మా."

"కొత్త పెండ్లికూతురా, తలుపుచాటున పెట్టినావు?"

అందరూ నవ్వారు. పెట్టె ఆగలేదు. సందులోంచి చూస్తే ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు, ఎడంచెయ్యి తన పాటికి తాను తిరుగుతోంది. పాట అయిపోయింది, జనం ఆగారు, ఆయన ఆగలేదు. దేవుడి కోసమో, మా కోసమో, ఆ సాయిబు కోసమో. ఒక్కరూ లేవలేదు.

ఎంతసేపు వాయించాడంటే ఆ తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో లెక్క చెప్పేవాళ్లు. నేను మటుకు ఇంకా ఆ గడపలోనే నిలబడి ఉన్నాను. అది జరిగి, ఆయన పోయి ఎన్నో ఏళ్లయిందని అందరూ అంటారు, కాదనను గానీ నాకు నమ్మకం కుదరదు.