మెలకువగా ఉంటానన్న అమ్మ

మా అమ్మకి పట్టపగలు కన్ను మూసే అలవాటు లేదు. వన్ టౌన్ సందుల్లో నలభై ఏళ్ళు చేపలమ్మిన మనిషి. మధ్యాహ్నం పక్కనున్న ఆడవాళ్ళు గోడకి జారబడి కునుకు తీస్తుంటే, తను మాత్రం గిన్నెలో వేళ్ళు ముంచి కానాగంత చేపల మీద నీళ్ళు చిలకరిస్తూ కూర్చునేది. ఆ చేతులతోనే నన్ను చదివించింది. మా ఇంట్లో మొదటగా కాలేజీ గడప తొక్కింది నేనే. ఎలమంచిలిలో టీచరుద్యోగం వచ్చాక రోజూ రైల్లో వెళ్ళొచ్చేదాన్ని. ఆ చదువు తెచ్చిన పొగరు నాకు కొంచెం ఎక్కువే ఉండేది. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు.

తొంభైల మధ్యలో ఒక ఉదయం, హార్బర్‌లో ఐసు నీళ్ళ మీద కాలు జారి అమ్మ తుంటి విరిగింది. వయసు డెబ్భైకి అటూ ఇటూ. సరిగ్గా ఎంతో తనకే తెలీదు. ద్వారకా నగర్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. మర్నాడు ఆపరేషన్ అనగా మత్తు డాక్టరుగారు వచ్చి రెండు పద్ధతులు చెప్పారు. నడుముకి సూది వేస్తే కింది సగం మొద్దుబారుతుంది, మనిషి మెలకువగానే ఉంటుంది. లేదంటే పూర్తిగా నిద్రపుచ్చాలి.

"ఆవిడకి దగ్గుంది కాబట్టి నేనైతే నడుముకే అంటాను. రెండోదీ చెయ్యొచ్చు. ఏ మత్తిచ్చినా ఈ వయసులో తర్వాత కొన్నాళ్ళు తికమక పడొచ్చు, కంగారు పడకండి" అన్నారు.

అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నన్ను నిద్దరోయించకండి బాబూ. నా ఒల్లు కోత్తన్నప్పుడు నాను సూసుకోవద్దా ఏటి?" అంది.

నా భయం వేరు. నా కాన్పు ఆపరేషన్‌కి నడుముకే ఇచ్చారు. అప్పట్నుంచీ బోర్డు మీద రాస్తుంటే నడుము లాగేసేది. ఆ సూది వల్లేనని నేను నమ్మాను. మా స్టాఫ్ రూములో ఆడవాళ్ళందరూ అదే నమ్మేవాళ్ళు. పైగా ఎముక మీద సుత్తి దెబ్బలు వింటూ అమ్మ బల్ల మీద పడుకోవడం నేను ఊహించుకోలేకపోయాను. తమ్ముణ్ణి అడిగాను. వేటకెళ్ళే మనిషి, సముద్రం మీద ఎవరి మాటా వినడు. ఆస్పత్రిలో మాత్రం నా మొహం చూశాడు.

"నాకేటి తెలుస్తాదక్కా? సదూకున్నదానివి, నువ్వేటంటే అదే" అన్నాడు.

వరండాలోకి వెళ్ళి డాక్టరుగారితో పూర్తిగా నిద్రపుచ్చమని చెప్పి సంతకం పెట్టాను. "ఆవిడకి ఒక మాట చెప్పండి" అన్నారాయన. లోపలికొచ్చి, "సరేనమ్మా, మెలకువగానే ఉంచుతారట" అన్నాను. పిల్లలకి చేదు మందు పట్టేటప్పుడు ఆడే అబద్ధం లాంటిదే అనుకున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నువ్వున్నావు కాబట్టి సరిపోయింది" అంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. మొదటి రోజంతా మగతగా ఉంది. రెండో రోజు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి మంచినీళ్ళ గ్లాసులో వేళ్ళు ముంచి దుప్పటి మీద చిలకరిస్తోంది. దుప్పటి సగం తడిసిపోయింది. నర్సుతో, "ఎండెక్కిపోతంది తల్లీ. తీసుకుంటే తీసుకో, ఊరికే కెలక్కు" అంటోంది. పక్క మంచం వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. "అమ్మా, ఇది ఆస్పత్రి" అంటూ దగ్గరికెళితే నన్ను ఎగాదిగా చూసి, "పొద్దున్నొచ్చి బేరమాడి ఎలిపోయింది నువ్వే కదేటి?" అంది.

నా నవ్వు ఆగిపోయింది.

సాయంత్రానికి సెలైన్ సూది పీకేసింది. అతికిన కాలు మీద లేవబోయింది. పడితే మళ్ళీ మొదటికొస్తుందని నర్సు రెండు చేతులూ మంచం కమ్మీలకి గుడ్డతో కట్టింది. దానికీ సరేనన్నది నేనే. మరదలు గాలి సోకిందని విభూతి తెస్తే కసిరాను. చదువుకున్నదాన్ని కదా.

మూడో రోజు గింజుకోవడం తగ్గింది. నన్ను దగ్గరికి రమ్మని తల ఊపి, గొంతు తగ్గించి, "నిన్ను సూత్తే మంచిదానిలాగున్నావు. నా సేతులిప్పమ్మా. మా గుంట బడికాణ్ణుంచి ఒచ్చే ఏలయింది" అంది.

"నేనే నీ కూతుర్నమ్మా."

అమ్మ నవ్వింది. "నువ్వేటి, మా గుంటేటి! అది సదూకుంది. ఈల్లు నన్ను నిద్దరోయించేద్దారని సూసినారు. అది ఒప్పుకోనేదు. మెలకువగానే ఉంచాలని డాకటేరుతో గట్టిగా సెప్పింది."

కట్లు విప్పేశాను. నర్సు అరిచింది, నేనూ అరిచాను. చీకటి పడేదాకా ఆ చేతులు నా చేతుల్లోనే పెట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను. ఈవిడెవరో పాపం అన్నట్టు అమ్మ నా వేళ్ళు నిమిరింది.

వారానికి మనిషి తేటపడింది. "ఏటే, బడికి ఎల్నేదా?" అని నన్ను అడిగినప్పుడు నా ప్రాణం లేచొచ్చింది. కానీ పూర్తిగా వెనక్కి రాలేదు. మరో రెండేళ్ళు బతికింది. మళ్ళీ చేపలమ్మలేదు. వంకాయలు తరగమంటే కత్తిపీట ముందు పెట్టుకుని, తర్వాత ఏం చెయ్యాలో తెలీక నా వైపు చూసేది. అబద్ధమాడానని చెప్పేద్దామని ఎన్నిసార్లో పక్కన కూర్చున్నాను. చెప్పలేకపోయాను.

పదేళ్ళ తర్వాత నా మోకాలికి ఆపరేషన్ అవసరమైంది. మత్తు డాక్టరమ్మకి అమ్మ కథంతా చెప్పాను. శ్రద్ధగా వింది. నా నడుంనొప్పి ఆ సూది వల్ల వచ్చింది కాదంది. "మీ అమ్మగారికి నడుముకే ఇచ్చినా అలాగే అయ్యుండొచ్చండీ. తుంటి విరిగిన పెద్దవాళ్ళలో చాలామందికి అవుతుంది. మీ తప్పని అనుకోకండి" అంది. మంచి మనిషి. అమ్మతో ఆడిన అబద్ధం సంగతి మాత్రం ఆవిడకి చెప్పలేదు.

నాకు నడుముకే ఇమ్మన్నాను. ఛాతీకి అడ్డంగా ఆకుపచ్చ గుడ్డ కట్టారు. సుత్తి చప్పుడు వినిపించింది, పక్కింట్లో వడ్రంగి పని జరుగుతున్నట్టు. డాక్టరమ్మ నా తల దగ్గర కూర్చుని ఏ బడి, ఏ క్లాసు అని అడుగుతోంది. ఇంతేనా అనిపించింది. అమ్మ అడిగింది ఇంతే. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారిపోయాయి.

"నొప్పిగా ఉందా? కాసేపు నిద్రపోతారా, మందిస్తాను" అందావిడ.

"ఒద్దు. నాను మెలకువగానే ఉంటాను" అన్నాను.