రాహుకాలంలో ఆగిన ఆట

ఆ రోజుల్లో మా మదనపల్లెలో కంప్యూటర్ గురించి మాట్లాడేవాళ్లకు కొదవ లేదు, దాన్ని చూసినవాళ్లే తక్కువ. ఎనభైల చివర్లో ఒక మేడ మీద వెలిసిన కంప్యూటర్ సెంటర్లో నేను మాస్టారుని. సెంటర్ అంటే టీవీకి తగిలించిన ఒక బుల్లి కంప్యూటరు, ప్రోగ్రాములు క్యాసెట్లో దాచుకోవడానికి దాని పక్కన టేప్ రికార్డరు, గుమ్మంలో చెప్పులు విడవమని ఒక బోర్డు. (కంప్యూటరుకు దుమ్ము పడదని అందరికీ చెప్పేవాళ్లం. ఫ్యాను తుడిచే అలవాటు మాత్రం మాకు లేదు.) చేరేవాళ్లే లేరు. "ఈ నెల కూడా ఎవురూ రాకుంటే మూసేస్తానప్పా. నువ్వు పెద్దమండ్యం పోయి మీ నాయనతో సేద్యం చేసుకో" అన్నాడు ఓనరు.

మా ఆశంతా టమోటా మండీ పెద్దాయన మీదే. ఇంటర్ పాసైన ఆయన కూతురు కంప్యూటర్ నేర్చుకుంటానని ఇంట్లో పట్టుబట్టింది. ఆ అమ్మాయి చేరితే ఊళ్లో మిగతా ఇళ్లవాళ్లూ పంపిస్తారు. "ఆదివారం సాయంత్రం వచ్చి సూస్తాను. బాగుంటే పాప వస్తాది, లేకుంటే ఇంట్లోనే ఉంటాది" అన్నాడాయన.

ఆయన్ని మెప్పించడానికి నేనొక ఆట రాశాను. దొంగలు తోలుకుపోయిన పుంగనూరు ఆవును ఒక కుర్రాడు కుప్పం దాకా వెళ్లి వెనక్కి తేవాలి. బొమ్మలుండవు, అక్షరాలే. ప్రతి మలుపులో ఒకటో రెండో నొక్కి దారి ఎంచుకోవాలి, దాన్నిబట్టి కథ మారుతుంది. ప్రపంచంలో ఇంత గొప్ప కథ ఇంకెవరూ రాయలేదని అప్పట్లో నా గట్టి నమ్మకం.

ఆదివారం పెద్దాయన కూతురితో వచ్చి, కుర్చీ నిండా కూర్చున్నాడు. ఆ అమ్మాయి వెనక నిలబడింది. తెరమీది ఇంగ్లీషును నేను తెలుగులో చదివి వినిపించాను.

"ఆవు ఎన్ని లీటర్లు ఇస్తాది?" అన్నాడు.

అది నేను రాయలేదు. "బాగానే ఇస్తుందండీ" అన్నాను.

"సరే, పోనీ."

కుర్రాడు ఊరి పొలిమేర చేరాడు. ఒకటి నొక్కితే గుట్ట దారి, రెండు నొక్కితే అడవి దారి. పెద్దాయన వేలెత్తి, గడియారం చూసుకుని, దించేశాడు.

"రాహుకాలం నడస్తాండాది. పొలిమేర దాటకూడదు. ఆ పిల్లోన్ని ఆడనే కూసోమను."

"అయ్యా, రెండిట్లో ఒకటి నొక్కాల్సిందేనండీ."

"నొక్కాల్సిందే అని ఎవురు చెప్పినారు?"

"నేనే రాశానండీ."

"నువ్వు రాసింటే నువ్వే ఆపు."

ఓనరు నా కాలు తొక్కాడు. టీ తెప్పించాం. ఆరు దాటేదాకా మేమంతా, తెరలోని కుర్రాడితో సహా, కదలకుండా కూర్చోవాలన్నమాట. రెండో టీ తాగుతుండగా కరెంటు పోయింది. ఆటా పోయింది, ఆవూ పోయింది. ఓనరు మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకు పెద్దమండ్యం చేలు కళ్లముందు కనబడ్డాయి.

పెద్దాయన మాత్రం వెలిగిపోతూ లేచాడు. "సూసినారా! దావలో ఉండింటే ఆ పిల్లోని గతి ఏమయ్యుండును? మిషన్‌కు మంచీ చెడ్డా తెలస్తాండాది. రేపట్నుంచి మా పాప వస్తాది."

మరునాడు ఆ అమ్మాయి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. (ఈలోగా నేను బుద్ధిగా 'కాసేపు ఆగుదాం' అని మూడో దారి కూడా కలిపాను.) పొలిమేర వచ్చింది. ఆ అమ్మాయి ఒకసారి గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"సార్, వీటిల్లో యాది నొక్కినా నన్నెవురూ ఏమీ అనరు కదా?"

"ఎవరూ ఏమీ అనరమ్మా" అన్నాను.

మూడోదాని వైపు కన్నెత్తి కూడా చూడలేదు. అడవి దారి నొక్కింది, పులి తినేసింది. పగలబడి నవ్వి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ అడవి దారే నొక్కింది. నేనేదో పెద్ద కథ రాశానని మురిసిపోతూ పక్కన నిలబడ్డాను. ఆ అమ్మాయికి కావలసింది నా కథ కాదని, తనకు నచ్చిన మీట తానే నొక్కడమేనని తెలియడానికి ఈ మాస్టారికి తల నెరవాల్సివచ్చింది.