తెర మీద లేని చొక్కా

పోయిన ఆదివారం మధ్యాహ్నం మూడూ నలభైకి నాకు అనుమానం మొదలైంది. గడియారం చూసే చెబుతున్నాను.

ఆ రోజు పొద్దున తొమ్మిదిన్నర ఆటకు వెళ్ళిన మనవరాలు పన్నెండున్నరకు ఇల్లు చేరింది. వాకిట్లోనే ఆపి దాని కళ్ళు చూశాను.

"ఏమే, కండ్లు ఎండిపోయి ఉండాయి? ఒక్క చుక్కన్నా రాలేదా?"

"సినిమా బాగుందవ్వా. ఏడిస్తేనే బాగున్నట్టా?"

ఇప్పటి సినిమాల మీద నాకు నమ్మకం లేదు. చప్పుడుకు గుండె అదిరితే మనసు కదిలిందనుకుంటారు. అందుకే ఎప్పటిలాగే నా పాత సినిమా సంగతి ఎత్తాను. అందులో ఒక తల్లి, చనిపోయిన బిడ్డ చొక్కాను ఉతక్కుండా, పాల మరకతోనే మడిచి జొన్నల కుండలో దాచుకుంటుంది. ఆ ఒక్క ఏడుపును నమ్ముకునే ఇన్నేళ్ళూ కొత్త సినిమాలను తీసిపారేశాను.

"అదేందో చూద్దాం ఉండు" అని మనవరాలు ఆ సినిమాను టీవీలో పెట్టింది.

నిజం చెప్పాలంటే నేనా సినిమా చూడలేదు, విన్నాను. నేను ధర్మవరంలో ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్త. అంచు రంగు వేరుగా ఉండే పట్టుచీర నేయాలంటే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. కోడళ్ళిద్దరూ ఒకేసారి ఇల్లు కదలకూడదని అత్త కట్టడి. డేరా సినిమాకు పెద్ద తోడికోడలు వెళ్ళేది, మర్నాడు నేస్తూ నాకు కథంతా చెప్పేది. చొక్కా దగ్గరకు వచ్చేసరికి ఇద్దరమూ ఏడుస్తూ నేత ఆపేశాం. ఆపిన చోట చీరలో అడ్డంగా గీత పడింది. మామ తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తున్నాయి.

టీవీలో 'శుభం' పడినప్పుడు టైము మూడూ నలభై. చొక్కా లేదు. కుండ లేదు.

"కోసేసినారు" అన్నాను.

"యాడ కోసినారవ్వా? ఆ బిడ్డ బతికి పెండ్లి కూడా చేసుకున్యాడు కదా!" అని మనవరాలు పడీపడీ నవ్వింది.

నాలుగింటికి పక్క వీధిలో ఉన్న తోడికోడలి ఇంటికి వెళ్ళాను. గడప మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది.

"అక్కా, ఆ చొక్కా సినిమాలో లేదు."

ఒలిచే చేయి ఆగలేదు. "ఇన్నేండ్లకు చూసినావా?"

"నాకు అబద్ధం ఎందుకు చెప్పినావు?"

"చొక్కా అబద్ధం కాదే. నువ్వు ఈ ఇంటికి రాకముందు నాకొక కొడుకు పుట్టి పోయినాడు. పదకొండు నెలలోడు. వాని పేరెత్తి ఏడిస్తే పట్టు మీద మరక పడతాదని అత్త ఏడ్వనిచ్చేది కాదు. సినిమా కథకు ఏడిస్తే ఎవురేమంటారు?"

ఇన్నేళ్ళలో ఈ సంగతి నాకు ఒక్కరూ చెప్పలేదు. అయినా నా అనుమానం ఊరుకోలేదు.

"మిగతా సినిమాలు?"

"పోనీలే, అడగొద్దు."

"అడుగుతా. నాకు లెక్క కావాల."

అక్క చేట పక్కన పెట్టి, వేళ్ళు మడుస్తూ ఏది సినిమాలోదో, ఏది తను కలిపిందో ఒక్కొక్కటే చెప్పింది.

ఆమె నాకు చెప్పిన సినిమాలు ఏడు. నేను ఏడ్చిన చోట్లు తొమ్మిది. వాటిలో తెర మీద ఉన్నవి నాలుగు. గీత పడి చెడిన చీర ఒకటి. మనవరాలి ముందు ఇక ఎత్తలేని మాట ఒకటి. పదకొండు నెలల బిడ్డ ఒకడు.