సోషల్ పాఠంలో వచ్చిపోయేవాళ్లం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ మా అమ్మాయి ఆ రోజు అడిగిన మాటకు కోపం కూడా రాలేదు. అప్పటికి ఆరో తరగతి పిల్ల. బడి నుంచి నాలుగు కాగితాలు తెచ్చి, చీరకు చమ్కీలు అంటిస్తున్న నా పక్కన కూర్చుంది.

"అమ్మా, మనం ఎప్పుడు పోతం?"

"యాడికే?"

"ఏమో. గిండ్ల రాసిండ్రు."

వచ్చే ఏడు నుంచి ఏడో తరగతి సోషల్ పాఠాలు మారుస్తున్నారట. అచ్చు వేయకముందే తల్లిదండ్రులు ఏమంటారో వినాలని శనివారం బడికి రమ్మన్నారు. ఆ కాగితాల్లో మన నగరం అని ఒక పాఠం. వరాఛా పేటలో వజ్రాలు సానపట్టేవాళ్ల గురించి బొమ్మతో సహా పేజీ నిండా రాశారు. మా తెలుగు నేతవాళ్ల గురించి ఒకే ఒక్క వాక్యం. మరమగ్గాల మీద పనిచేసేవారు ఇతర రాష్ట్రాల నుంచి తాత్కాలికంగా వచ్చిపోయే కార్మికులు. అంతే!

నేను పుట్టింది ఈ నగరంలోనే, డిండోలిలో. మా ఆయన పుట్టిందీ ఇక్కడే, బమ్రోలిలో. తెలంగాణలో మా తాతల ఊరంటే పెళ్లిళ్లకు పోయి నాలుగు రోజులుండి వచ్చే చోటు. ఇదంతా చెప్పినా పిల్ల నమ్మలేదు. "పుస్తకంల అబద్ధం రాస్తరా?" అంది. అక్కడ కాలింది నాకు. అది అచ్చయితే, బట్టీ పట్టి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకోవాల్సింది నా బిడ్డే కదా! తను ఈ ఊరిది కాదని తన చేత్తోనే రాయాలా?

పక్కింటావిడతో అంటే, "మనకెందుకక్కా, సదువుకున్నోళ్లు రాసిండ్రు. సంతకం పెట్టొస్తే అయిపాయె" అంది. నేనట్లా ఊరుకునే రకం కాదు. వారమంతా గిన్నెలు తోముతూ ఏం మాట్లాడాలో హిందీలో అప్పజెప్పుకున్నాను.

శనివారం పెద్దాఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. మంచివాడే. "బోలియే, బోలియే" అని, మాట్లాడమని బతిమాలుతున్నాడు. ఎవరూ నోరు విప్పరే! కాగితం తిప్పి కూడా చూడకుండా, సమ్మతమే అన్న చోట వరసగా సంతకాలు పెట్టి ఇస్తున్నారు. మరి నేను? ఇంట్లో పులిని. అక్కడ కుర్చీలోంచి లేవనే లేదు.

సాంచెల మీద, అదే మరమగ్గాల మీద, ఇరవై ఏళ్లు పనిచేసిన మగవాళ్లతో ఒక చిక్కుంది. ఆ చప్పుడులో అరిస్తే తప్ప మాట అందదు. చెవులు సగం పోతాయి. వాళ్లు గుసగుస అనుకునేది వీధి చివరికి వినబడుతుంది. పక్కనే కూర్చున్న మా ఆయన గుట్టుగా చెబుతున్నాననుకుని నా చెవి దగ్గరికి వంగాడు.

"ఏమే, గిది రాసినోనికి కండ్లున్నయా లేవా? మా బాపును గీ తాపీ నది ఒడ్డుకే కాలబెట్టినం. నేను గీడ్నే పుట్టిన. యాడికి పోవాలెనట?"

ఆఫీసరు తలెత్తాడు. "క్యా బోలే, భాయ్?"

"గీయనెందుకు నన్నే జూస్తుండే?" అన్నాడు మా ఆయన, మళ్లీ అంతే గుట్టుగా. అందరూ గొల్లుమన్నారు. నేల విచ్చి నన్ను మింగితే బాగుండుననిపించింది. తెలుగు టీచరమ్మ లేచి నిలబడింది. మా ఆయన మాటలు మెత్తగా మార్చి చెబుతుందనుకున్నాను. కండ్లున్నయా లేవా అన్నది కూడా వదలకుండా హిందీలో చెప్పేసింది మహాతల్లి!

ఆఫీసరు కళ్లద్దాలు సర్దుకుని ఆ వాక్యం మళ్లీ చదివాడు. తర్వాత, అయితే ఎట్లా రాయమంటారని అడిగాడు. మా ఆయన బిత్తరపోయి నా వంక చూశాడు. ఇక నేను లేవక తప్పలేదు.

"లిఖో సాబ్. హమ్ యహీఁ కే హైఁ. కపడా హమ్ బునతే హైఁ."

మేం ఇక్కడివాళ్లమే, బట్ట నేసేది మేమే అని. వారమంతా నేర్చుకున్నదాంట్లో నోటికొచ్చింది ఆ మూడు ముక్కలే. కానీ వెనక ఒకాయన, "సాబ్, నా కాగితం జర వాపస్ ఇయ్యుండ్రి" అన్నాడు. ఆ తర్వాత ఇంకొకరు. సంతకాలు పెట్టినవాళ్లంతా బల్ల చుట్టూ మూగారు. ఆఫీసరు ఆ వాక్యం కొట్టేసి, పక్కన కొత్తది రాసి చదివి వినిపించాడు. పైవాళ్లు ఒప్పుకోవాలి, నా చేతిలో ఉన్నది ఇంతవరకే అన్నాడు.

ఈ ఏడు పుస్తకం వచ్చింది. గబగబా పేజీలు తిప్పాను. ఉంది! తరతరాలుగా ఈ నగరంలో ఉంటూ బట్ట నేస్తున్న తెలుగు కుటుంబాలు. పొయ్యి మీద పప్పు అడుగంటుతున్నా లేవకుండా అట్లాగే కూలబడి ఏడ్చాను.

పరీక్ష ముందురోజు పిల్ల ఆ పాఠం పైకి చదువుతోంది. వజ్రాలు అయ్యాయి, ఓడరేవు అయింది. మా వాక్యం మాత్రం వదిలేసి కింది పేరాకు పోయింది.

"అది సదవవేందే?" అన్నాను.

"గది సదువుడెందుకమ్మా, నాకెర్కే గదా" అంది, తలెత్తకుండానే.