పదకొండు గేదెల వంశ చరిత్ర

విశాఖపట్నం పోర్టులో ఓడలు దేనితో కదిలాయని ఎవరినడిగినా బొగ్గుతోనో డీజిలుతోనో అంటారు. పాపం, వాళ్లకి తెలియదు. ఓడలు కదిలింది మా పాలతో. వన్ టౌన్‌లో టీ కొట్లవాళ్లు తెల్లారగట్ల పొయ్యి మీద పెట్టేది విశాఖకి పక్కనున్న పద్మనాభం వైపు నుంచి మా కేన్లలో వెళ్లిన పాలు. ఆ టీ గొంతులో పడనిదే కళాసీ బస్తా ఎత్తడు. బస్తా లేవనిదే ఓడ నిండదు. ఓడ నిండనిదే లంగరు లేవదు. కాబట్టి ఈ దేశపు ఎగుమతులూ దిగుమతులూ మూడు తరాలుగా మా గేదెల పొదుగుల మీద ఆధారపడి నడిచాయని నేనంటే, మా ఆఫీసులో ఇంతవరకు ఒక్కరూ కాదనలేదు. కాదన్నవాడికి మధ్యాహ్నం నా కేరేజీలోంచి పెరుగు రాదు.

ఆ పెరుగు మామూలుది కాదు. స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన మా పక్కింటాయన, తమ వైపు పెరుగు తప్ప లోకంలో మిగతాదంతా మజ్జిగేనని నమ్మే మనిషి. ఒకరోజు మా పెరుగు గిన్నె ఆయన నెత్తి మీద బోర్లించి పట్టుకున్నాను. చుక్క రాలలేదు. ఆయన నెత్తి తడుముకుని, గిన్నె లాక్కుని, చెంచా అడిగాడు. పదేళ్లలో ఆయన మా ఇంటి పెరుగుకి చెంచా అడగడం అదే మొదటిసారి.

ఇంత ఘనమైన డెయిరీ అంటే, మా ఊళ్లో ఒక రేకుల పాక, పదకొండు గేదెలు, వాటిని పెంచి పితికే మా వదిన. అన్నయ్య కూడా ఉన్నాడు. కేన్లు మోటారు సైకిలుకి కట్టుకుని సిటీకి తీసుకెళ్లడం ఆయన పని.

కిందటి వేసవిలో అన్నయ్య ఫోన్ చేశాడు.

“ఒరే, నీకు రాయడం వొచ్చు కదా. మన డెయిరీ సరిత్ర రాయాలి. అర్జెంటు.”

“చరిత్ర ఎందుకు?”

“రుషికొండ కాడ రిసార్టు కట్టినాయన ఒచ్చాడు. టూరిస్టులకి సూపెట్టడానికి పాతకాలం డెయిరీ పెడతాడంట. మన గేదెలన్నీ కొనీసి తీస్కెల్లిపోతాడంట. పాత కుటుంబం, పాత మంద అని కాయితం ఉండాలంట. గట్టిగా రాయ్. నువ్వెలాగూ ఉన్నది నాలుగింతలు సేత్తావు.”

“వదిన ఏమంటోంది?”

అవతల ఒక గేదె అరిచింది. అన్నయ్య గొంతు తగ్గించాడు.

“వారం నుంచి నాతో మాటల్లేవు. నా నడుం సంగతి ఎవలికీ అక్కర్నేదురా. ముప్పయ్యేళ్లు మోసినాను ఆ కేన్లు.”

శనివారం పొద్దున్నే బయల్దేరి వెళ్లాను. వదిన పాకలో గేదెల్ని కడుగుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

“సరిత్ర రాయడానికొచ్చినావా, మరిదీ? పెరుగుంది, తినీసి రాయ్. వొచ్చే నెల నుంచి రుషికొండెల్లి టిక్కెట్టు కొనుక్కుని తినాల.”

“అదేంటి వదినా, నీకూ సుఖమే కదా. తెల్లారగట్ల లేవక్కర్లేదు.”

“లేవకుండా పడుకోడం నాకు రాదు. లేచి ఎవల మొకం సూడాల? మీ అన్న మొకమా?” అంది, గేదె మొహం మీద నీళ్లు కొడుతూ. “ఇరవయ్యారేళ్లయింది నానొచ్చి. ఈటిలో నా సేతుల్లో పుట్టందొక్కటి నేదు.”

నవ్వుతూనే అంది. చెంబు మాత్రం బకెట్లో ఠంగుమని పడేసింది. అయినా నేను కలం తీశాను. అన్నయ్య మాట కాదనలేక కొంత, రాసే అవకాశం వదులుకోలేక చాలా.

గోడ మీద మా తాతయ్య ఫోటో ఉంది. ఆ మీసాలు చూస్తే ఏ రచయితకైనా చెయ్యి ఆగదు. ఆయన అడవుల్లోకి వెళ్లి గేదెల్ని పట్టి తెచ్చి, ఒంటి చేత్తో మందని స్థాపించి, కావిడి భుజాన వేసుకుని ఒక్క పరుగులో వన్ టౌన్ చేరేవాడని రెండు పేజీలు రాసేశాను. ఇక సంవత్సరం ఒక్కటే కావాలి. అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న అమ్మ దగ్గరికి వెళ్లాను.

“అమ్మా, మన మంద ఏ సంవత్సరంలో మొదలైంది?”

“సంవచ్చరాలు నాకేటి తెల్సు? గేదెల్ని బట్టి సెప్తాను, లెక్కెట్టుకో,” అని వేళ్లు మడవడం మొదలుపెట్టింది. “ఇప్పుడున్న మొండిది. దాన్ని ఈనింది బొల్లి మొకంది. దాన్ని ఈనింది కొమ్మిరిగింది. కొమ్మిరిగిన దాని తల్లి రెండో ఈతలో ఉండగా నాను కాపరానికి ఒచ్చినాను. దాని తల్లి పెద్దది. పెద్దదాని తల్లి గుడ్డిది. గుడ్డిదాని తల్లి మీ నానమ్మ యెనకాల ఒచ్చింది.”

“వెనకాల రావడమేంటి? తాతయ్య తెచ్చాడు కదా?”

“మీ తాతా?” అమ్మ పిక్క పక్కకి విసిరింది. “మీ తాతకి పాలు తాగడం తెల్సు. నానమ్మకి పెళ్లిలో పుట్టింటోలు అరణమిచ్చినారురా ఆ గేదెని. పలుపుతాడట్టుకుని ఏరు దాటి నడిపించుకొచ్చింది.”

పెళ్లిలో ఆడపిల్లకి ఇచ్చిన గేదె ఆడపిల్లదే. దాని కడుపున పుట్టిందల్లా ఆమెదే. మా వైపు ఇది అందరికీ తెలిసిన సంగతే. అయితే మా పాకలో ఉన్నవన్నీ ఆ కడుపు నుంచి వచ్చినవేనని నేనెప్పుడూ ఆలోచించలేదు. యాభై ఏళ్లు పెరుగు తిన్నానే గాని.

“ఒకపాలి మీ తాత అమ్ముదామని పెయ్యని ఇప్పుకుపోతంటే, నానమ్మ గంప దించి, ‘ఇది మీ అమ్మతో ఒచ్చిందా, నాతో ఒచ్చిందా?’ అని అడిగింది. పలుపొదిలీసినాడు. ఆవిడ ఓపిక తగ్గినాక ఆ పలుపు తెచ్చి నా సేతిలో ఎట్టింది. నాను మీ వదిన సేతిలో ఎట్టినాను. మీ అయ్యకీ ఎట్టలేదు, అన్నకీ ఎట్టలేదు.”

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“ఎవలడిగినారు?”

అబద్ధం రాయడానికి నాకెప్పుడూ అభ్యంతరం లేదు. కానీ నిజం దానికన్నా పెద్దదిగా ఎదురుపడితే వదులుకునేంత మూర్ఖుణ్ని కాను. తాతయ్యని చించేశాను. నానమ్మతో మొదలుపెట్టాను. ఆమె ముందూ గేదె వెనకా నడుస్తుంటే గోస్తనీ నది రెండుగా చీలి దారిచ్చిందని రాశాను. అది ఎండాకాలమనీ, ఏట్లో నీళ్లే లేవనీ అమ్మ సవరించింది. ఆ సవరణ నేను తీసుకోలేదు.

ఆదివారం పదింటికి రిసార్టు ఆయన కారు దిగాడు. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు. నేను నిలబడి చదివాను. నానమ్మ పలుపు పట్టుకుని ఏరు దాటిన చోట ఆయన “అబ్బా” అన్నాడు. పలుపు అమ్మ చేతికి వచ్చిన చోట అన్నయ్య కాళ్లు ఊపడం ఆపాడు. అది వదిన చేతికి వచ్చేసరికి అన్నయ్య నా వైపు చూసిన చూపుకి కాగితం అంటుకోకపోవడం మా అదృష్టం.

“చాలా బాగుందండీ,” అన్నాడు రిసార్టు ఆయన. “మరి అగ్రిమెంటు మీద పెద్దబ్బాయిగారు సంతకం పెట్టేస్తారు కదండీ?”

“ఆడిదేటి సంతకం?” అంది అమ్మ అరుగు మీంచి. “ఇంతసేపూ ఇన్నదేటి, బాబూ? గేదెలు మా కోడలివి. దాన్నడుగు.”

“ఒరే,” అన్నాడు అన్నయ్య నాతో. “సరిత్ర రాయమంటే ఈలునామా రాసీసినావేట్రా!”

వదిన పాకలోంచి వచ్చింది. మోచేతుల దాకా పేడ. నెమ్మదిగా తొట్టి దగ్గర చేతులు కడుక్కుంది. అంతసేపు చేతులు కడగడం నేను ఆపరేషన్ థియేటర్లో కూడా చూడలేదు.

“గేదెలు రావు, బాబూ,” అంది. “మీ టూరిస్టులు సూడాలంటే ఆలనే ఇక్కడికి రమ్మనండి. తెల్లారగట్ల నాలుగ్గంటలకి పితుకుతాను. ఆ టైములో మాటాడకూడదు, సెంటు పూసుకోకూడదు. లేపోతే మా మొండిది పాలు సేపదు, బిగబట్టీస్తాది.”

రిసార్టు ఆయన పాక వైపు ఓసారి చూసి, అదే ఇంకా బాగుంటుందండీ అన్నాడు. వదిన ఇచ్చిన గ్లాసుడు మజ్జిగ తాగాక మరీ గట్టిగా అన్నాడు.

కారు వెళ్లిపోయింది. అన్నయ్య నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు. వదిన వారం తర్వాత ఆయనతో మొదటి మాట మాట్లాడింది.

“నడుం నొప్పయితే కేన్లు ఆటోలో ఎయ్యి. మందని అమ్మెత్తారేటి?”

“మరి నానేటి సెయ్యాల?”

“గడ్డి కోసుకురా. పొద్దెక్కిపోతంది.”

అన్నయ్య ఇస్త్రీ చొక్కా విప్పి వంకీకి తగిలించి కొడవలి తీసుకున్నాడు. నేను చరిత్రకారుణ్ని కదా, నన్ను వదిలేస్తుందనుకున్నాను.

“సేతులు కాలీయే కదా, మరిదీ?” అని పేడ తట్ట నా వైపు తోసింది.

ఎత్తాను. అది ఎంత బరువుందో చెప్పను. చెప్పినా మీరు నమ్మరు.